మొద్దు అనే ముందు



తరగతిలో అడిగిన ప్రశ్నకు పిల్లవాడు జవాబు చెప్పకపోతే మన నోట తేలిగ్గా వచ్చే మాట ఒకటుంది. "వీడు మొద్దురా" అనేస్తాం. వాడికి ప్రశ్న వినపడలేదేమో, నల్లబల్ల మీద రాసింది కనపడలేదేమో అన్న ఆలోచన ఆ తరవాత ఎప్పుడో వస్తుంది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాణ్ణి మనం కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో అడిగితే అసలు ప్రశ్నే అర్థం కాలేదేమో అన్నది ఒక్కొక్కసారి తోచనే తోచదు.

ఈ పొరపాటు మా బడిపంతుళ్లు మాత్రమే చేసేది కాదు. పెద్ద పెద్ద ప్రయోగశాలల్లో ఎలుకలను పరీక్షించే శాస్త్రవేత్తలకు కూడా ఇదే అనుభవం ఎదురైంది. వాళ్లు తమ తప్పు తెలుసుకుని, పరీక్ష పెట్టే పద్ధతినే దిద్దుకున్నారు. డౌన్ సిండ్రోమ్‌ను అర్థం చేసుకోవడానికి ఎలుకల ప్రవర్తనను ఎలా గమనిస్తారు, అందులో ఏది నమ్మవచ్చు, ఏది తొందరపడి నమ్మకూడదు అన్నది ఈ పూట మీతో పంచుకుంటాను. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు మన ఊళ్లలోనూ ఉన్నారు. వాళ్ల తల్లిదండ్రులు ఎవరైనా ఈ మాటలు వింటుంటే, చివరివరకూ వినమని ప్రత్యేకంగా మనవి.

ముందు డౌన్ సిండ్రోమ్ అంటే ఏమిటో చూద్దాం. 1866లో జాన్ లాంగ్డన్ డౌన్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఈ స్థితిని విడిగా గుర్తించి వర్ణించారు. అందుకే ఆయన పేరు దీనికి స్థిరపడింది. అంతేగాని 'డౌన్' అంటే తక్కువ అనే అర్థం ఇందులో లేదు. అసలు కారణం తెలియడానికి మరో 93 ఏళ్లు పట్టింది. 1959లో ఫ్రాన్సు దేశంలో జెరోమ్ లెజ్యూన్, మార్త్ గోతియే, రేమండ్ టర్పిన్ అనే ముగ్గురు ఈ పిల్లల కణాల్లో ఒక క్రోమోజోము ఎక్కువగా ఉందని ప్రకటించారు.

మన శరీరంలోని కణాల్లో మామూలుగా 46 క్రోమోజోములు, అంటే 23 జతలు ఉంటాయి. మనిషి రూపురేఖలకూ, అవయవాల పనికీ కావలసిన జన్యువులు వీటి మీదే ఉంటాయి. 21వ జతలో రెండు ఉండవలసిన చోట మూడు ఉంటే దాన్ని డౌన్ సిండ్రోమ్ అంటాం. మూడో నెల ఇరవై ఒకటో తేదీని, అంటే మార్చి 21ని, ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినంగా ఎంచుకున్నది ఇందుకే. ఐక్యరాజ్యసమితి 2012 నుంచి దీన్ని పాటిస్తోంది. ప్రపంచం మొత్తం మీద సుమారు వెయ్యి కాన్పులకు ఒకరు ఇలా పుడతారని లెక్క.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. తల్లి గ్రహణం చూసినందువల్లనో, తినకూడనిది తిన్నందువల్లనో, ఎవరి పాపం వల్లనో ఇది రాదు. కణాలు విడిపోయేటప్పుడు ఒక జత సరిగ్గా విడిపోకపోవడమే ఎక్కువ సందర్భాల్లో కారణం. తల్లి వయసు పెరిగేకొద్దీ అలా జరిగే అవకాశం పెరుగుతుంది. అయినా చిన్న వయసు తల్లులకూ ఇలాంటి బిడ్డలు పుడుతూనే ఉంటారు. కోడలిని నిందించే అత్తగారు ఎవరైనా ఉంటే ఈ సంగతి వారికి చెప్పండి.

మరి ఇందులోకి ఎలుక ఎలా వచ్చింది? డౌన్ సిండ్రోమ్ ఉన్న మనిషి మెదడును కోసి చూడలేం. ఏ మందు పనిచేస్తుందో చూద్దామని పసిబిడ్డల మీద ప్రయోగాలు మొదలుపెట్టలేం. ఎలుకైతే మనలాగే పాలిచ్చి పెంచే జంతువు. మన జన్యువుల్లో చాలావాటికి సరిజోడు జన్యువులు దానిలో ఉన్నాయి. మూడు వారాలు మోసి పిల్లల్ని కంటుంది. రెండు నెలలకే ఎదుగుతుంది. అందుకని చిన్న జాతి ఎలుకను, అంటే మన వంటింట్లో తిరిగే చిట్టెలుక జాతిని, ఎన్నుకున్నారు.

కాని ఒక చిక్కు ఉంది. ఎలుకకు ఉన్నవి 40 క్రోమోజోములు, అంటే 20 జతలు. మనిషి 21వ క్రోమోజోము మీద ఉన్న జన్యువులన్నీ ఎలుకలో ఒకేచోట లేవు. ఎక్కువ భాగం 16వ క్రోమోజోము మీద, మిగతావి 17, 10 క్రోమోజోముల మీద చెదిరి ఉన్నాయి. ఒకే పుస్తకంలోని పాఠాలను ఒక ఊళ్లో ఒక సంపుటంగా, ఇంకో ఊళ్లో మూడు సంపుటాల్లోకి పంచి బైండు చేసినట్టన్నమాట. ఎలుకకు 16వ క్రోమోజోమును మొత్తంగా ఒకటి ఎక్కువ చేసి చూశారు. కాని అలాంటి పిల్లలు పుట్టి బతకలేదు. పైగా ఆ క్రోమోజోము మీద మన 21వ దానితో సంబంధం లేని జన్యువులు కూడా బోలెడున్నాయి.

ఈ చిక్కును కొంతవరకు విప్పినవారు మురియల్ డేవిసన్. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, బార్ హార్బర్ అనే సముద్రతీరపు ఊళ్లో జాక్సన్ లేబొరేటరీ ఉంది. ఎలుకల జన్యుశాస్త్రానికి అది పేరుపొందిన చోటు. అక్కడ ఆమె బృందం మగ ఎలుకలకు రేడియేషన్ ఇచ్చి, వాటి సంతానంలో క్రోమోజోము ముక్క తెగి వేరేచోట అతుక్కున్నవాటిని ఓపికగా వెదికి ఏరింది. అలా 1990 నాటికి 16వ క్రోమోజోములో కావలసిన ముక్క మాత్రం మూడోసారి ఉన్న ఎలుకల వంశం తయారైంది. దాని పేరు టి.ఎస్. 65 డి.ఎన్. ఈ పేరు నోటికి కష్టంగా ఉంటుంది కనుక నేను 'డేవిసన్ ఎలుకలు' అంటాను. మనిషి 21వ క్రోమోజోము మీది జన్యువుల్లో దాదాపు సగానికి సరిజోళ్లు వీటిలో మూడేసి ఉంటాయి. ఇవి పుట్టి, బతికి, పెద్దవవుతాయి. అందువల్ల మొదటిసారిగా వీటి ప్రవర్తనను, నేర్పును పరీక్షించడం వీలైంది.

ఎలుకకు పరీక్ష పెట్టడం ఎలా? దానికి పలకా బలపం ఇవ్వలేం కదా. అందుకని ఎలుక సహజంగా చేసే పనుల మీదే పరీక్షలు కల్పించారు. నాలుగు పరీక్షలు చెబుతాను.

మొదటిది నీటి పరీక్ష. 1981లో స్కాట్లండులోని సెంట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ మారిస్ పెద్ద జాతి ఎలుకల కోసం దీన్ని రూపొందించారు. తరవాత చిట్టెలుకలకూ వాడారు. నాలుగైదు అడుగుల వెడల్పున్న గుండ్రటి తొట్టిలో నీళ్లు పోసి, పాలో, తెల్లరంగో కలిపి లోపలిది కనపడకుండా చేస్తారు. ఒకచోట నీటి మట్టానికి కాస్త కిందుగా చిన్న దిమ్మె పెడతారు. ఎలుకను నీళ్లలో వదిలితే అది ఈదుతుంది గాని, ఈత దానికి ఇష్టమైన పని కాదు. నిలబడే చోటు కోసం వెదుకుతుంది. గోడల మీద కనిపించే గుర్తులను బట్టి దిమ్మె ఎక్కడుందో రోజురోజుకూ గుర్తుపెట్టుకుంటుంది. మొదటిరోజు నిమిషం పట్టినది, వారం తిరిగేసరికి కొద్ది సెకన్లలో చేరుతుంది. చివర్లో దిమ్మె తీసేసి వదులుతారు. నిజంగా నేర్చుకున్న ఎలుక, దిమ్మె ఉండవలసిన చోటే ఎక్కువసేపు తిరుగుతుంది.

రెండోది కొత్త వస్తువు పరీక్ష. ఎలుకకు ఒకే రకం వస్తువులు రెండు చూపిస్తారు. కొంతసేపటికో, మరునాడో వాటిలో ఒకదాన్ని మార్చి కొత్తది పెడతారు. మొదటి వస్తువు గుర్తున్న ఎలుక కొత్తదాని దగ్గరే ఎక్కువసేపు మూతి పెట్టి వాసన చూస్తుంది. రెంటినీ సమానంగా చూస్తే, పాతది గుర్తులేదని అర్థం చేసుకుంటారు.

మూడోది ఖాళీ మైదానం. నాలుగువైపులా గోడలున్న ఖాళీ పెట్టెలో ఎలుకను వదిలి, ఎంతదూరం తిరిగింది, గోడవారనే నక్కిందా, నడిమధ్యకు వచ్చిందా అని లెక్కపెడతారు.

నాలుగోది ఎత్తయిన కూడలి. నేలకు కొంత ఎత్తులో, కూడిక గుర్తు ఆకారంలో నాలుగు దారులు ఉంటాయి. రెంటికి గోడలుంటాయి, రెంటికి ఉండవు. మామూలు ఎలుక భయంతో గోడలున్న దారిలోనే ఎక్కువసేపు ఉంటుంది.

ఈ పరీక్షల్లో డేవిసన్ ఎలుకలు ఏం చేశాయి? వాటిని ఒకే కాన్పులో పుట్టిన మామూలు తోబుట్టువులతో పోల్చి చూస్తారు. ఏ ఎలుక ఏ రకమో పరీక్ష పెట్టే మనిషికి తెలియనివ్వరు. బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన రోజర్ రీవ్స్, డేవిసన్ తదితరులు 1995లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, నీటి పరీక్షలో ఈ ఎలుకలు వెనకబడ్డాయి. కొత్త వస్తువు పరీక్షలో, కొంత వ్యవధి ఇస్తే, పాత వస్తువును గుర్తుపట్టడంలో తడబడుతున్నట్టు తరవాతి పరిశోధనల్లో తేలింది. ఖాళీ మైదానంలో ఇవి మామూలువాటికన్నా ఎక్కువగా తిరిగినట్టు చాలామంది చూశారు. ఎత్తయిన కూడలిలో గోడలు లేని దారిలోకి ఎక్కువసార్లు వెళ్లాయి.

ఇంతవరకు చెప్పినది విన్నవారు, "సరే, ఈ ఎలుకలకు తెలివి తక్కువ, చురుకు ఎక్కువ, భయం లేదు" అనుకుంటారు. మన కథలో మలుపు ఇక్కడే ఉంది.

ఎలుక గోడలు లేని దారిలోకి వెళ్లిందంటే దానికి ధైర్యం ఎక్కువని అర్థమా? అపాయాన్ని గమనించలేదని అర్థమా? కుదురుగా ఉండలేక అటూ ఇటూ తిరుగుతూ అక్కడికి కూడా పోయిందని అర్థమా? చూసింది ఒక్కటే, దానికి అర్థాలు మూడు చెప్పవచ్చు. ప్రవర్తనను కొలవడం తేలిక. దాని వెనక ఉన్న కారణం చెప్పడం కష్టం.

రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. డేవిసన్ ఎలుకలను ఒకే శుద్ధ వంశంలో పెంచడం కష్టం. అందువల్ల రెండు వంశాలను కలిపి పెంచుతూ వచ్చారు. ఆ రెంటిలో ఒక వంశానికి కంటిపొర చిన్నప్పుడే పాడైపోయే జన్యులోపం ఉంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి ఆ లోపం గల జన్యువు వస్తే, ఆ పిల్లకు నెల తిరిగేలోగానే చూపు పోతుంది. మెండెల్ లెక్క ప్రకారం ఆ కాన్పుల్లో సుమారు నాలుగో వంతు పిల్లలకు ఇలా జరుగుతుంది. డౌన్ సిండ్రోమ్‌తో దీనికి ఏ సంబంధమూ లేదు. మామూలు తోబుట్టువులకూ జరుగుతుంది.

ఇప్పుడు నీటి పరీక్ష మళ్లీ గుర్తు చేసుకోండి. గోడల మీది గుర్తులు చూసి దారి పట్టాలి. చూపే లేని ఎలుక గుర్తులెలా చూస్తుంది? దాన్ని నీళ్లలో వదిలి, దిమ్మె దొరకలేదని, జ్ఞాపకశక్తి లేదని రాసుకుంటే అది ఎంత అన్యాయం! అందుకే జాగ్రత్త తెలిసిన పరిశోధకులు ముందు జన్యు పరీక్ష చేసి చూపు లేని ఎలుకలను పక్కన పెడతారు. అంతేకాదు, దిమ్మె మీద జెండా లాంటి గుర్తు పాతి, అది పైకి కనిపించేట్టు ఉంచి, ముందుగా ఆ పరీక్ష పెడతారు. కనిపించే దిమ్మెను కూడా చేరలేని ఎలుకకు కళ్ల లోపమో, ఈత లోపమో ఉందని గ్రహిస్తారు. ఆ ఎలుక జ్ఞాపకశక్తి గురించి తీర్పు చెప్పరు. తరవాత జాక్సన్ లేబొరేటరీ ఆ కంటి లోపం లేకుండా ఈ ఎలుకలను విడిగా పెంచింది కూడా.

చెవుల మాటా అంతే. డేవిసన్ ఎలుకలకు మధ్యచెవిలో వాపు, ద్రవం చేరడం, కొంత వినికిడి తగ్గడం ఉంటాయని 2009లో వెలువడిన ఒక పరిశోధన చెప్పింది. గంట మోగించి పెట్టే పరీక్షలో ఇలాంటి ఎలుక వెనకబడితే, తప్పు మెదడుదా, చెవిదా? డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లోనూ సరిగ్గా ఇదే ఇబ్బంది చాలా ఎక్కువ. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

మూడో సంగతి పరీక్ష పెట్టే చోటు. 1999లో జాన్ క్రాబ్, డగ్లస్ వాల్‌స్టెన్, బ్రూస్ డూడెక్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. ఇది డౌన్ ఎలుకల మీద కాదు, వేరే వంశాల మీద. అమెరికాలో పోర్ట్‌లండ్, ఆల్బనీ, కెనడాలో ఎడ్మంటన్, ఈ మూడు ఊళ్లలో ఒకే వంశాల ఎలుకలను, ఒకే రకం పరికరాలతో, పరీక్ష మొదలుపెట్టే వేళ కూడా కలిపి పరీక్షించారు. ఇంత జాగ్రత్త తీసుకున్నా కొన్ని పరీక్షల్లో ఫలితాలు ఊరికొక రకంగా వచ్చాయి. ఎత్తయిన కూడలి పరీక్షలో తేడా బాగా కనిపించింది. పట్టుకునే చెయ్యి, చుట్టూ వాసన, చప్పుడు ఇలాంటివి ఎలుక మీద ఎంత పనిచేస్తాయో దీన్నిబట్టి ఊహించవచ్చు. ఒకచోట ఒకసారి పెట్టిన పరీక్షతో తీర్పు చెప్పకూడదని అప్పటినుంచి అందరూ హెచ్చరిస్తూ వచ్చారు.

నాలుగోది నాకు బాగా నచ్చిన ప్రయోగం. స్పెయిన్‌లో కార్మెన్ మార్తినెస్ కుయే, ఆమె సహచరులు డేవిసన్ ఎలుకలను బొమ్మలు, సొరంగాలు, చక్రాలు, ఎక్కువమంది తోటి ఎలుకలు ఉన్న పెద్ద పంజరంలో పెంచారు. అలాంటి చోట పెరిగితే నేర్పు పెరుగుతుందని అందరూ అనుకుంటారు. 2002లో వాళ్లు ప్రకటించిన ఫలితం ఏమిటంటే, ఆడ ఎలుకలకు మేలు జరిగింది. మగ ఎలుకలు మాత్రం నేర్చుకోవడంలో ఇంకా వెనకబడ్డాయి. గుంపులో మగ ఎలుకల మధ్య పోటీ, ఒత్తిడి ఎక్కువ కావడం దీనికి కారణం కావచ్చని తరవాత వివరించారు. ఒకరికి ఊతమైన పరిసరం మరొకరికి భారం కావచ్చు. ముప్పై నలభైమంది పిల్లలను ఒకే గదిలో కూర్చోబెట్టే మాకు ఈ సంగతి బాగా అర్థమవుతుంది.

ఐదోది, ఎలుక నమూనాలోనే దొరికిన లోపం. డేవిసన్ ఎలుకల్లో 16వ క్రోమోజోము ముక్కతోపాటు, 17వ క్రోమోజోముకు చెందిన సుమారు 60 జన్యువులు కూడా అదనంగా ఉన్నాయనీ, వాటికి మనిషి 21వ క్రోమోజోముతో సంబంధం లేదనీ 2011లో తేలింది. అప్పటికి ఇరవై ఏళ్లుగా ఆ ఎలుకలనే వాడుతున్నారు. వాటిలో చూసిన వింతల్లో కొన్ని ఆ సంబంధంలేని జన్యువుల వల్ల కూడా వచ్చి ఉండవచ్చు కదా. అందువల్ల వేరే ఎలుకలను తయారుచేశారు. 2005లో లండన్ శాస్త్రవేత్తలు మనిషి 21వ క్రోమోజోమునే ఎలుకలో ప్రవేశపెట్టారు. అయితే ఆ ఎలుకలో కొన్ని కణాల్లో అది ఉండేది, కొన్నింట్లో జారిపోయేది. 2020లో జపానులోని తొత్తోరి విశ్వవిద్యాలయం వారు, రీవ్స్ బృందంతో కలిసి, జారిపోకుండా నిలిచే ఎలుకను ప్రకటించారు. ఇప్పుడు ఒక్క ఎలుక మాటే నమ్మకుండా, రెండు మూడు రకాల ఎలుకల్లో ఒకే ఫలితం వస్తేనే గట్టిగా చెప్పే పద్ధతి బలపడుతోంది.

మరి ఈ ఎలుకల వల్ల ఏమీ ఒరగలేదా అంటే, చాలా ఒరిగింది. ఒక ఉదాహరణ చెబుతాను. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి నడివయసులోనే అల్జైమర్ మతిమరుపు వచ్చే ప్రమాదం ఎక్కువ. ఆ జబ్బులో పేరుకునే పదార్థానికి మూలమైన జన్యువు 21వ క్రోమోజోము మీదే ఉంది. 2006లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు డేవిసన్ ఎలుకల్లో ఆ ఒక్క జన్యువును మూడు నుంచి రెండుకు తగ్గించి చూస్తే, మెదడులోని కొన్ని నాడీకణాలకు పోషకం చేరవేసే పని చాలావరకు మెరుగైంది. మూడో ప్రతి వల్ల కలిగే హానిలో ఏ జన్యువుకు ఎంత వంతు ఉందో ఇలా విడదీసి చూడడం ఎలుక ద్వారానే సాధ్యమైంది.

ఇప్పుడు తల్లిదండ్రులు జాగ్రత్తగా వినవలసిన భాగానికి వచ్చాం. అది మందుల సంగతి.

మెదడులో ఒక కణం మరో కణాన్ని కదిలించే సంకేతాలుంటాయి, ఆపే సంకేతాలూ ఉంటాయి. బండికి వేగం పెంచేదీ ఉండాలి, బ్రేకూ ఉండాలి. డేవిసన్ ఎలుకల మెదడులో, జ్ఞాపకానికి సంబంధించిన హిప్పోకాంపస్ అనే భాగంలో, బ్రేకు మరీ గట్టిగా పట్టినట్టు కనిపించింది. 2007లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఫాబియన్ ఫెర్నాండెజ్, క్రెయిగ్ గార్నర్ తదితరులు ఆ బ్రేకును సడలించే పెంటిలీన్‌టెట్రజోల్ అనే మందును చాలా తక్కువ మోతాదులో రెండు వారాలు దాటి ఇచ్చారు. ఆ ఎలుకలు కొత్త వస్తువు పరీక్షలో మామూలు ఎలుకలతో సమానంగా నిలిచాయి. మందు ఆపాక రెండు నెలల వరకు ఆ మేలు కనిపించింది. ప్రపంచమంతా తల్లిదండ్రుల్లో ఆశ చిగురించింది. అయితే ఇదే మందు మోతాదు పెరిగితే మూర్ఛలు తెప్పిస్తుంది. అందుకని అదే సూత్రం మీద మరింత జాగ్రత్తగా పనిచేసే వేరే మందును రోష్ కంపెనీ తయారుచేసి, డౌన్ సిండ్రోమ్ ఉన్న మనుషులకు ఇచ్చి చూసింది. పరీక్షల్లో మెరుగుదల కనపడలేదు. 2016లో ఆ ప్రయత్నం ఆపేశారు.

మెమాంటిన్ అనే మరో మందు కథా ఇలాంటిదే. అది అల్జైమర్ రోగులకు ఇచ్చే మందు. డేవిసన్ ఎలుకల్లో మేలు చేసినట్టు కనిపించింది. డౌన్ సిండ్రోమ్ ఉండి 40 ఏళ్లు దాటిన 173 మందితో బ్రిటన్, నార్వే దేశాల్లో ఏడాదిపాటు పరీక్షించారు. సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్తి బిళ్ల ఇచ్చారు. 2012లో ఫలితం వెలువడింది. రెండు జట్లకూ తేడా లేదు.

ఎందుకిలా జరిగింది? ఎలుక జీవితం రెండుమూడేళ్లు, మనిషిది అరవై డెబ్భై ఏళ్లు. ఎలుకకు మాట లేదు, బడి లేదు. వస్తువును వాసన చూసే సమయం పెరిగినంత మాత్రాన, బిడ్డ బస్సెక్కి బజారుకు వెళ్లి చిల్లర లెక్కపెట్టుకుని రాగలడని అర్థం కాదు. ఎలుకలో దొరికిన ఫలితాన్ని ఒక ప్రశ్నగా తీసుకోవాలి. దానికి జవాబు మనుషుల్లోనే, ఓపికగా వెదకాలి.

అందువల్ల శ్రోతలారా, "ఎలుకల మీద పరీక్షించి నిరూపించాం, ఈ పొడి వాడితే మీ బిడ్డకు తెలివి వస్తుంది" అని ఎవరైనా అమ్మజూపితే, "మనుషుల మీద పరీక్షించారా? ఎంతమంది మీద? ఉత్తి బిళ్లతో పోల్చి చూశారా?" అని మూడు ప్రశ్నలు అడగండి. క్రోమోజోమును సరిచేసే మందు ఇంతవరకు లేదు. ఉందని చెప్పేవారికి తాకట్టు పెట్టిన నగల డబ్బు ఇవ్వకండి.

మరి చేయగలిగింది ఏమిటి? ఎలుకల నుంచి నేర్చుకున్న పాఠమే ఇక్కడ పనికివస్తుంది. బిడ్డ నేర్చుకోలేకపోతున్నాడు అనే ముందు కళ్లు, చెవులు చూపించండి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో చెవిలో ద్రవం చేరి వినికిడి తగ్గడం, చూపులో లోపం చాలామందికి ఉంటాయి. థైరాయిడ్ తక్కువైతే బిడ్డ మందకొడిగా ఉంటాడు. దానికి చౌకైన బిళ్ల ఉంది. సుమారు సగంమందికి పుట్టుకతో గుండె లోపం ఉంటుంది. అందులో చాలావాటిని శస్త్రచికిత్సతో సరిచేయవచ్చు. అమెరికాలో 1983లో డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి సగటు ఆయుర్దాయం 25 ఏళ్లు ఉండేది. ఇప్పుడు 60 ఏళ్ల దాకా వచ్చింది. తెలివి పెంచే మందేదీ లేకుండానే, గుండె ఆపరేషన్లు, మంచి వైద్యం, ఇంట్లో పెంపకం దీన్ని సాధించాయి.

ఈ పిల్లలు మాట్లాడగలిగినదానికన్నా ఎక్కువే అర్థం చేసుకుంటారు. జవాబు నోటితో రాకపోతే వేలితో చూపించమనండి, బొమ్మ ఇచ్చి అడగండి. నీళ్ల తొట్టిలో దిమ్మె మీద జెండా పాతినట్టన్నమాట. ప్రశ్న బిడ్డకు అందేట్టు ఉందా లేదా అన్నది ముందు చూసుకోవాలి.

మన సరిహద్దు జిల్లాల వారికి ఇంకొక మాట. "బిడ్డకు ఒక భాషే కష్టం, ఇంట్లో తెలుగు మానేసి బడి భాషే మాట్లాడండి" అని కొందరు సలహా ఇస్తుంటారు. నేను కూడా ఒకప్పుడు ఇచ్చాను. ఆ సలహా విని, తనకు సరిగ్గా రాని భాషలో బిడ్డతో మాట్లాడలేక, ఒక తల్లి మాటలే తగ్గించేసింది. కెనడాలో 2005లో వెలువడిన ఒక పరిశోధన ఇంగ్లీషుతోపాటు ఇంకో భాష కూడా వినిపించే ఇళ్లలో పెరిగిన డౌన్ సిండ్రోమ్ పిల్లలను పరిశీలించింది. ఇంగ్లీషు ఒక్కటే వచ్చిన అలాంటి పిల్లలకన్నా వీళ్లు ఇంగ్లీషులో ఏమీ వెనకబడలేదు. రెండో భాష వాళ్లకు హాని చేయలేదు. కనుక అమ్మమ్మ తెలుగులో లాలిపాట పాడితే పాడనివ్వండి. బడి భాష బడిలో వస్తుంది.

సహాయం ఎక్కడ దొరుకుతుంది అంటారా? 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో డౌన్ సిండ్రోమ్ కూడా చేరి ఉంది. మీరు ఏ రాష్ట్రంలో ఉన్నా అంగన్‌వాడీలోగాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోగాని అడిగితే, జిల్లా స్థాయిలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపే ఏర్పాటు అందులో ఉంది. మేధో వైకల్యం గలవారి కోసం కేంద్ర ప్రభుత్వం 1984లో సికింద్రాబాదులో నెలకొల్పిన జాతీయ సంస్థ కూడా ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, నిర్ణీత స్థాయి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కుగా ఇచ్చింది. "మీ వాణ్ణి చేర్చుకోం" అనే అధికారం బడికి లేదు.

చాలా ఏళ్ల కిందట మా తరగతిలో ఒక కుర్రవాడు బల్ల మీది లెక్కలు ఎప్పుడూ తప్పుగా ఎక్కించుకునేవాడు. నేను వాణ్ణి వెనక బెంచీలో కూర్చోబెట్టాను. ఏడాది చివర్లో కంటి శిబిరానికి వచ్చిన డాక్టరు గారు చూసి, వాడికి మూడో వరస దాటితే అక్షరాలు కనపడవని చెప్పారు. వాణ్ణి నేను ఏడాదంతా మొద్దు అన్నాను. చూపు లేని ఎలుకల సంగతి చదివినప్పుడు నాకు ముందు గుర్తుకొచ్చింది వాడే.